హాడ్రియన్ గోడ: ఫొటోలో కనిపించేదాంట్లో రోమన్లు కట్టింది ఎంత?

2023 సెప్టెంబర్ 28న తెల్లారి చూసేసరికి ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చెట్టు కూలిపోయి ఉంది. రెండు గుట్టల మధ్య పల్లంలో ఒంటరిగా నిలబడి, లెక్కలేనన్ని ఫొటోల్లోకి ఎక్కిన సైకమోర్ చెట్టు అది. రాత్రికి రాత్రి రంపంతో కోసేశారు. కూలుతూ కూలుతూ పక్కనున్న రాతి గోడ మీద పడింది. 2025 జులైలో ఇద్దరికి నాలుగేళ్ళ మూడు నెలల చొప్పున జైలుశిక్ష వేశారు. చెట్టును కొట్టినందుకు ఒక నేరం, గోడను పాడుచేసినందుకు మరో నేరం.

ఆ గోడ పేరు హాడ్రియన్ గోడ. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ హయాంలో, క్రీ.శ. 122లో మొదలుపెట్టారు. ‘పంతొమ్మిది వందల ఏళ్ళ నాటి గోడ’ అనడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ మాట వినగానే రోమన్ సైనికుడు పెట్టిన రాయి పెట్టినట్టే ఉందని అనుకుంటాం. చిక్కంతా అక్కడే. అసలు గోడ పొడవులో ఇప్పుడు రాయి కంటికి కనిపించేది సుమారు పదో వంతు. ఆ పదో వంతులో కూడా కొంత రెండో శతాబ్దానిది, కొంత మూడో శతాబ్దపు మరమ్మతు, చెప్పుకోదగ్గ భాగం 19వ శతాబ్దంలో ఒక ఇంగ్లిష్ ప్లీడరు కూలీలను పెట్టి పేర్పించింది. ఏ వరస ఎవరిదో తెలియకుండా ‘ఈ గోడ ఎందుకు కట్టారు’ అని అడిగితే సగం సమాధానమే దొరుకుతుంది.

గోడ అంటే గోడ ఒక్కటే కాదు

తూర్పున టైన్ నది ఒడ్డున వాల్స్‌ఎండ్ దగ్గర మొదలై, పడమర సాల్వే తీరంలో బోనెస్ దాకా దీని పొడవు 117 కిలోమీటర్లు. రోమన్ లెక్కలో 80 మైళ్ళు. వాళ్ళ మైలు ఇప్పటి మైలు కంటే చిన్నది, దాదాపు 1,480 మీటర్లు. ద్వీపం నడుము దగ్గర సన్నబడిన చోట చూసి ఈ కొస నుంచి ఆ కొసకు కట్టారు.

ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తున్నామనుకుందాం. ముందు కందకం తగులుతుంది. దాటితే కొంచెం ఖాళీ నేల, ఆ తర్వాత గోడ. గోడ వెనక సైన్యం తిరిగే బాట (ఇది తర్వాత వేసింది). ఇంకా దక్షిణంగా పోతే మరో పెద్ద గుంత, దానికి రెండు పక్కలా మట్టి కట్టలు. ఈ గుంతను, కట్టలను కలిపి ‘వాలం’ అంటారు. అడుగు చదునుగా ఉండే ఈ గుంత వెడల్పు సుమారు ఆరు మీటర్లు, లోతు మూడు. కట్టలతో కలుపుకుంటే అడ్డంగా 36 మీటర్ల దాకా వస్తుంది. చాలా చోట్ల గోడ ఆనవాలు కూడా లేకపోయినా వాలం మాత్రం గొర్రెలు మేసే పచ్చికలో పెద్ద మడతలా ఇప్పటికీ కనిపిస్తుంది. రాయిని ఎత్తుకుపోవచ్చు గానీ గుంతను ఎత్తుకుపోలేరు కదా.

పేరులో ఒక తమాషా ఉంది. లాటిన్‌లో ‘వాలం’ అంటే గుంత కాదు, రక్షణ కట్ట. రోమన్లు రాతి గోడనే ఆ పేరుతో పిలిచి ఉంటారు. 2003లో స్టఫర్డ్‌షైర్‌లో దొరికిన రంగులద్దిన చిన్న కంచు గిన్నె మీద పడమటి కొస కోటల పేర్లతో పాటు ‘వలి ఐలి’ అనే మాట ఉంది. ఐలియస్ అనేది హాడ్రియన్ వంశం పేరు. కాబట్టి ఆ మాటకు ‘ఐలియస్ గోడ’ అని అర్థం చెప్పేవాళ్ళు ఉన్నారు. కాదు, పక్కనే ఉన్న డ్రాకో అనే మనిషి పేరుకు ‘ఐలియస్’ ముందు భాగం అంతే అనేవాళ్ళూ ఉన్నారు. ఎనిమిదో శతాబ్దపు సన్యాసి బీడ్ ఈ మాటను మట్టి కట్టకు వాడాడు, అదే నిలిచిపోయింది.

గోడ వెంబడి ప్రతి రోమన్ మైలుకూ ఒక చిన్న కోట. దానికి ఉత్తరం వైపు ఒక గుమ్మం, దక్షిణం వైపు ఒక గుమ్మం. దీన్ని మైలు కోట అందాం. రెండు మైలు కోటల మధ్య రెండు బురుజులు. ఇవి కాక వందల మంది సైనికులు ఉండే పెద్ద కోటలు పదిహేను పైనే.

36బి అంటే ఏమిటి?

పురావస్తు రిపోర్టుల్లో ‘36బి బురుజు’, ‘39వ మైలు కోట’ లాంటి మాటలు కనిపిస్తాయి. ఈ అంకెలు రోమన్లు పెట్టినవి కావు, 20వ శతాబ్దంలో వచ్చిన ఏర్పాటు. తూర్పు కొస నుంచి మైలు కోటలకు వరసగా నంబర్లు వేశారు. ఒక మైలు కోటకు పడమరగా వచ్చే మొదటి బురుజు ‘ఎ’, రెండోది ‘బి’.

అంటే 36బి బురుజు 36వ మైలు కోట దాటాక మైలులో మూడింట రెండు వంతుల దూరంలో ఉండాలి. 36.67ను 1.48తో గుణిస్తే వాల్స్‌ఎండ్ నుంచి సుమారు 54 కిలోమీటర్లు. ఆ చోటికి వెళితే కనిపించేది బురుజు కాదు, హౌస్‌స్టెడ్స్ అనే పెద్ద కోట. బురుజు ఏమైందని చూస్తే, కోట లోపలే, ఉత్తరపు గోడకు దగ్గరలో దాని పునాది రాళ్ళు బయటపడ్డాయి. బురుజును పడగొట్టి దాని మీదుగా కోట కట్టారు.

ఇంకో రకంగా చెప్పాలంటే, మొదటి ప్లానులో గోడ మీద పెద్ద కోటలు లేవు. సైన్యం అంతకుముందు నుంచి ఉన్న దక్షిణపు కోటల్లోనే ఉంటుంది, గోడ మీద కాపలావాళ్ళు మాత్రమే ఉంటారు అనుకున్నారు. పని సగంలో ఉండగా ఆ ఆలోచన మారింది. కోటల్ని ముందుకు తెచ్చి గోడ మీదే పెట్టారు. చెస్టర్స్ కోట కింద కూడా ఇలాగే ఒక బురుజు (27ఎ) దొరికింది.

వాలం ఎప్పటిదో కూడా ఈ పద్ధతిలోనే తేలుతుంది. వాలం నేరుగా వస్తూ వస్తూ కోటల దగ్గర వంపు తిరిగి వాటి వెనక నుంచి పోతుంది. అంటే తవ్వేటప్పటికే అక్కడ కోట ఉంది, లేదా రాబోతోందని తెలుసు. కారాబర్ దగ్గర మాత్రం వాలం వంపు తిరగదు. పూడ్చేసిన వాలం మీదే కోట కూర్చుంది. కాబట్టి ఆ కోట మిగతావాటి కంటే తర్వాతిది. శాసనం అక్కర్లేదు, తేదీ అక్కర్లేదు. ఏది దేని మీద ఉందో చూస్తే చాలు.

వెడల్పు పునాది మీద సన్న గోడ

ప్లేన్‌ట్రీస్ అనే చోట గోడ ముక్క ఒకటి మిగిలి ఉంది. చిన్నదే. కానీ నన్నడిగితే మొత్తం 117 కిలోమీటర్లలో ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది దీన్నే. ఒక వైపు గోడ మూడు మీటర్ల మందంతో వస్తుంది. ఉన్నట్టుండి మెట్టు దిగినట్టు సన్నబడుతుంది. కింద పునాది మాత్రం అదే వెడల్పుతో ముందుకు పోతుంది. దాంతో సన్న గోడ పక్కన పునాది రాళ్ళు అరుగులా బయటికి వచ్చి ఉంటాయి.

ఒక దళం ముందు పోతూ పది రోమన్ అడుగుల వెడల్పున పునాది వేసింది. వెనక వచ్చినవాళ్ళు గోడ లేపేలోపు పైనుంచి మాట మారింది: ఎనిమిది అడుగులు చాలు. బురుజులు కట్టే జట్టు అప్పటికే కొన్ని చోట్ల బురుజుకు రెండు పక్కలా పది అడుగుల గోడకు మొదలు పెట్టి ఉంచింది. సన్న గోడ వచ్చి ఆ మొదళ్ళను ఢీకొని ఆగింది. దగ్గర్లోనే ఉన్న బ్రంటన్ బురుజుకు ఒక పక్క వెడల్పు గోడ, మరో పక్క సన్న గోడ. గవర్నమెంటు కాంట్రాక్టు పనులు చూసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఎందుకు తగ్గించారు? కోటలు కట్టే పని అదనంగా వచ్చిపడటంతో కూలీ, సున్నం, సమయం ఆదా చేయడానికి అన్నది ఎక్కువమంది మాట. పడమటి సగంలోనైతే మొదట రాయి కూడా కాదు. ఇర్తింగ్ నది నుంచి బోనెస్ దాకా సుమారు 30 రోమన్ మైళ్ళు పచ్చిక గడ్డలు కోసి ఇటుకల్లా పేర్చి కట్టారు. తర్వాత దాన్నీ రాతితో మార్చారు. బర్డోస్వాల్డ్ కోట దగ్గర రాతి గోడకు వేరే దారి పట్టారు కాబట్టి పాత మట్టి కట్ట పక్కనే ఇంకా మిగిలి ఉంది.

లైమ్‌స్టోన్ కార్నర్ అని ఇంకో చోటు ఉంది. పేరులో సున్నపురాయి ఉంది గానీ అక్కడున్నది సున్నపురాయి కాదు, డోలరైట్ అనే గట్టి నల్లరాయి. ఆ రాతిలో కందకం తొలవడం మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేశారు. కందకంలో గది అంత బండ ఒకటి అలాగే పడి ఉంది. దాని మీద వరసగా చీలలు దిగ్గొట్టడానికి తొలిచిన గాళ్ళు కనిపిస్తాయి. చీల దిగ్గొట్టబోయినవాడు ఆ పూటకు పని ఆపాడు, మళ్ళీ రాలేదు.

అసలు ఎవరు కట్టారన్నదే చాలాకాలం తేలలేదు

‘హాడ్రియన్ గోడ’ అన్న పేరు ఇప్పుడు ఖాయం. కానీ శతాబ్దాలపాటు పండితులు ఈ రాతి గోడను సెప్టిమియస్ సెవెరస్ అనే తర్వాతి చక్రవర్తికి కట్టబెట్టారు. ఆయన 208లో బ్రిటన్ వచ్చి 211లో యార్క్‌లో చనిపోయాడు. కొందరు లాటిన్ రచయితలు ఆయనే గోడ కట్టాడని రాశారు కాబట్టి, హాడ్రియన్‌కు మట్టి కట్ట, సెవెరస్‌కు రాతి గోడ అని పంచేశారు.

దీన్ని తిరగేసింది ఒక మైలు కోటలో దొరికిన రాతి శాసనం. ‘చక్రవర్తి సీజర్ ట్రాజన్ హాడ్రియన్ ఆగస్టస్, రెండో ఆగస్టా లెజియన్, గవర్నర్ ప్లటోరియస్ నెపోస్ ఆధ్వర్యంలో’ అని దాని మీద ఉంది. లెజియన్ అంటే రోమన్ సైనిక దళం. నెపోస్ హాడ్రియన్ కాలపు గవర్నరు. మైలు కోట గోడలో భాగం, కాబట్టి గోడ కూడా ఆయన కాలానిదే. 1840లో జాన్ హాడ్జ్‌సన్ అనే చరిత్రకారుడు ఈ వాదన పెట్టాడు. సెవెరస్ వాటా కట్టడం కాదు, పెద్ద ఎత్తున బాగుచేయించడం.

యుద్ధానికా, సుంకానికా, ఆడంబరానికా?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కాదు. కట్టిన రోజుల్లో ఆ రెండు దేశాలూ లేవు. ఇప్పుడు గోడ మొత్తం ఇంగ్లండ్‌లోనే ఉంది. పడమటి కొస సరిహద్దుకు దగ్గరే గానీ తూర్పు కొస నుంచి సరిహద్దు దాదాపు వంద కిలోమీటర్లు.

రోమన్లు రాసిపెట్టిన కారణం ఒకే ఒక్క వాక్యం, అదీ చాలా కాలం తర్వాత రాసింది: బర్బరులను, రోమన్లను వేరుచేయడానికి హాడ్రియన్ 80 మైళ్ళ గోడ కట్టాడని. వేరుచేయడం అంటే ఏమిటన్నదే ఇప్పటి వాదన.

రక్షణ గోడే అనేవాళ్ళు కందకాన్ని చూపిస్తారు. న్యూకాసిల్ తూర్పున బైకర్ దగ్గరా, పడమర థ్రాక్లీ దగ్గరా జరిగిన తవ్వకాల్లో గోడకూ కందకానికీ మధ్య ఖాళీ నేలలో వరసలు వరసలుగా గుంటలు బయటపడ్డాయి. వాటిలో మొన తేలిన కొమ్మలు పాతేవారని అర్థమవుతోంది. పరిగెత్తుకొచ్చేవాణ్ణి ఆపడానికి తప్ప వాటితో ఇంకో పని లేదు.

కాదనేవాళ్ళు గుమ్మాలు చూపిస్తారు. శత్రువును ఆపాలనుకునేవాడు దాదాపు మైలుకో గుమ్మం పెడతాడా? పైగా గోడ మీద సైనికులు నడిచే దారి ఉందనడానికి నిఖార్సైన సాక్ష్యం లేదు. అంత ఎత్తు గోడ ఎక్కడా మిగల్లేదు. పన్నెండు అడుగుల ఎత్తని బీడ్ రాసింది కట్టిన ఆరు వందల ఏళ్ళ తర్వాత సంగతి. వీళ్ళ దృష్టిలో గోడ ఒక చెక్‌పోస్టుల వరస. పశువుల మందలు, వ్యాపారులు, కూలీలు ఎక్కడపడితే అక్కడ దాటకుండా గుమ్మాల దగ్గరికి వచ్చి, ఆయుధాలు చూపించి, సుంకం కట్టి పోవాలి. దొంగలు పశువుల్ని తోలుకుపోకుండా ఆపడానికి ఇంత గోడ బాగానే పనికొస్తుంది. పెద్ద సైన్యాన్ని ఆపదు, ఆపాల్సిన పనీ లేదు, దానికి కోటల్లో దళాలున్నాయి.

మూడో మాట: ఇదంతా చూపించుకోవడానికి. ముందటి చక్రవర్తి ట్రాజన్ రాజ్యాన్ని పెంచుకుంటూ పోయాడు, హాడ్రియన్ ఆపాడు. ఆపినవాడికి కూడా గొప్పగా చూపించడానికి ఏదో ఒకటి కావాలి.

ఈ మూడు వాదనలనూ హౌస్‌స్టెడ్స్ పక్కనున్న 37వ మైలు కోట దగ్గర పరీక్షించి చూడండి. దాని ఉత్తరపు గుమ్మం బండ్లు పట్టేంత వెడల్పుతో, దిట్టమైన రాళ్ళతో కట్టారు. గుమ్మం దాటితే ఏటవాలు కొండ. బండి దిగడం కుదిరే పని కాదు. ఇక్కడ రాకపోకలకు గుమ్మం పెట్టలేదు. మైలుకొకటి అన్నారు కాబట్టి పెట్టారు. తర్వాతి కాలంలో ఆ గుమ్మాన్ని మనిషి పట్టేంత సందుగా కుదించేశారు. ప్లాను గీసినవాడి ఉద్దేశం ఒకటి, అక్కడ కాపలా కాసినవాడి అవసరం ఇంకొకటి. గోడ దాదాపు మూడు వందల ఏళ్ళు వాడకంలో ఉంది. మధ్యలో 142 ప్రాంతంలో తర్వాతి చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ దీన్ని పక్కనబెట్టి ఇంకా ఉత్తరాన 60 కిలోమీటర్ల మట్టి గోడ కట్టించాడు. ఇరవై ఏళ్ళకు అటూఇటుగా దాన్ని వదిలేసి మళ్ళీ వెనక్కి వచ్చారు. ఇన్నేళ్ళకూ కలిపి ఒకటే కారణం అడగడమే పొరపాటు అని నాకనిపిస్తుంది.

కాపలా కాసింది ఎవరు

గోడ కట్టింది మూడు లెజియన్లు, అంటే రోమన్ పౌరుల దళాలు. కాపలా మాత్రం సహాయక దళాలది. ఇప్పటి బెల్జియం వైపు నుంచి వచ్చిన టుంగ్రియన్లు, సిరియా విలుకాళ్ళు, ఇంకా ఎవరెవరో. గోడకు కాస్త దక్షిణాన, అంతకంటే ముందే కట్టిన విండోలాండా కోటలో 1973 నుంచి పలచని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. క్రీ.శ. 100 ప్రాంతపువి. ఒక కమాండర్ భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలికి రాసిన ఉత్తరం వాటిలో ఒకటి. ఒక పద్దుల రేకు మీద ఒక సైనికుడి పేరు పక్కన రెండు దేనారియస్‌ల (రోమన్ వెండి నాణేల) మిరియాలు అని ఉంది. ఆ రోజుల్లో రోమన్లకు మిరియాలు వెళ్ళింది దక్షిణ భారతం పడమటి తీరం నుంచి. ఇక్కడ శాతవాహనులు ఏలుతున్న కాలమది.

రాళ్ళు ఎటు పోయాయి

రోమన్ పాలన పోయిన వెంటనే గోడ కూలిపోలేదు. బర్డోస్వాల్డ్‌లో ధాన్యపు కొట్టు ఉన్న చోటే తర్వాత చెక్కతో పెద్ద చావళ్ళు కట్టుకుని ఎవరో ఉన్నారు. సైనికుల వారసులే అయి ఉంటారన్నది ఒక ఊహ.

గోడ రాళ్ళు చేతికి పట్టేంత సైజులో, చక్కగా చెక్కినవి. మన పల్లెల్లో పాత కోట రాళ్ళు ఇళ్ళ అరుగుల్లోకి, బావి ఒరల్లోకి ఎలా పోతాయో ఇవీ అలాగే పోయాయి. హెక్సం చర్చి కింద ఏడో శతాబ్దపు నేలమాళిగ, 12వ శతాబ్దపు లానర్‌కాస్ట్ మఠం రోమన్ రాళ్ళతో లేచినవే. పెద్ద దెబ్బ మాత్రం సర్కారుదే. స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలని 1745లో జరిగిన తిరుగుబాటులో న్యూకాసిల్ నుంచి కార్లైల్‌కు ఫిరంగులు తీసుకెళ్ళడానికి సరైన రోడ్డు లేక సైన్యం చిక్కుకుపోయింది. 1750లలో రోడ్డు వేశారు. దాదాపు 30 మైళ్ళు గోడ మీదుగానే, గోడనే చదును చేసి. ఇప్పటికీ దాని మీద కార్లు పోతున్నాయి.

1801లో విలియం హటన్ అనే 78 ఏళ్ళ బర్మింగ్‌హామ్ పెద్దాయన గోడ పొడవునా నడిచాడు. ప్లేన్‌ట్రీస్ చేరేసరికి పొలం ఆసామి ఇల్లు కట్టుకోవడానికి గోడ పీకిస్తున్నాడు. అప్పటికే తొంభై ఐదు గజాలు పోయింది. వద్దని బతిమాలుతూ హటన్ కబురు పంపాడు. ఇందాక చెప్పుకున్న ఆ చిన్న ముక్క అందుకే మిగిలింది.

20వ శతాబ్దంలో క్వారీల వంతు. కాఫీల్డ్స్ దగ్గర గోడ కొండ మీద నుంచి దిగుతూ వచ్చి అంచు దగ్గర టక్కున ఆగిపోతుంది. అవతల కొండే లేదు. కంకర కొట్టుకుపోయారు.

క్లేటన్ పేర్చిన గోడ

న్యూకాసిల్ ప్లీడరు జాన్ క్లేటన్ (1792–1890) తండ్రి నుంచి చెస్టర్స్ ఎస్టేటును వారసత్వంగా పొందాడు. 1830ల నుంచి గోడ ఉన్న పొలాలు ఒక్కొక్కటే కొన్నాడు. కూలీలను పెట్టి, రాలిపడిన రాళ్ళను ఏరి, అడుగున మిగిలిన రోమన్ వరసల మీద మళ్ళీ పేర్పించాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి, పైన పచ్చిక. కొండల మీద వంపులు తిరుగుతూ పోయే గోడగా కేలండర్లలో మనం చూసేదాంట్లో చాలా భాగం ఇదే. రాళ్ళు రోమన్లవి, పేర్పు విక్టోరియా కాలంది.

ఇలా చేయడం వల్ల అసలు సాక్ష్యం చెరిగిపోయిందని పురావస్తువాళ్ళ ఫిర్యాదు. ఏ రాయి ఎక్కడ పడి ఉందో చూస్తే గోడ ఎలా కూలిందో, ఎంత ఎత్తుండేదో లెక్కగట్టే వీలుండేది. ఆయన కొనకపోతే ఆ రాళ్ళు ఏ కొట్టం గోడలోనో ఉండేవన్నది అటువైపు మాట, అదీ నిజమే. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు సున్నంతో బిగించి వదిలేస్తారు, పైకి లేపరు. కొత్తగా కట్టి చూపించాలనుకుంటే వాల్స్‌ఎండ్‌లో చేసినట్టు విడిగా నమూనా కడతారు. 1987లో గోడకు యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. జర్మనీలోని రోమన్ సరిహద్దును 2005లో, స్కాట్లండ్‌లోని ఆంటొనైన్ గోడను 2008లో అదే హోదాలో చేర్చారు.

పైన రాయి పోయిన చోట కింద ఏమీ లేదనుకోనక్కర్లేదు. విండోలాండా ఉత్తరాలు, వేలకొద్దీ తోలు చెప్పులు మిగిలింది గాలి చొరని తడి మట్టి వల్ల. ఆ మట్టి ఆరితే ప్రాణవాయువు లోపలికి దిగి చెక్క, తోలు కుళ్ళడం మొదలవుతుంది. దగ్గర్లోని మాగ్నా కోట కింద బురద నేల ఎండిపోతోందని గమనించి, పోయేలోపే తీసుకోవాలని 2023లో అక్కడ ఐదేళ్ళ తవ్వకం మొదలుపెట్టారు.

న్యూకాసిల్‌లో వెస్ట్‌రోడ్ అనే రద్దీ రోడ్డు కింద 2021లో మంచినీళ్ళ పైపు మారుస్తుంటే మూడు మీటర్ల గోడ బయటపడింది. పైన బస్సులు తిరుగుతున్నాయి, కింద మొదటి కాలపు పెద్ద రాళ్ళ వరస అలాగే ఉంది. దాన్ని తాకకుండా పైపును పక్కకు వంచి వేసి, మళ్ళీ పూడ్చేశారు.